ఫోనుకి తెలియని అక్షరాలు

నేను తెనాలిలో ఉంటాను. ఫోన్లలో నడిచే యాప్‌లు రాయడం నా పని. ఇంట్లోనే వెనక గదిలో ఒక బల్ల, రెండు తెరలు, యాప్‌లు పరీక్షించడానికి పోగేసిన పాత ఫోన్లు ఒక అట్టపెట్టె నిండా ఉంటాయి. మా అక్క రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేసేది. నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది, చదివించింది తనే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

అక్కకి ముప్పై దాటాక రేచీకటి మొదలైంది. చాలా ఏళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత పక్కలు కనపడటం తగ్గింది. గుంటూరులో డాక్టరు చూసి, కంటి వెనక పొర మెల్లగా పాడవుతోందని, దానికి మందు లేదని చెప్పారు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందని అక్క ఒకసారి నాతో అంది. ఆ గొట్టం ఏటేటా ఎంత సన్నబడుతోందో మాత్రం చెప్పేది కాదు. అడిగితే, "బానే ఉందిలేవే, పెద్దక్షరాలు కనపడుతున్నాయి" అనేది. నేను నమ్మేదాన్ని. నమ్మితే నాకు తేలిగ్గా ఉండేది.

వాళ్ళ స్కూలుకి యాప్ రాసింది నేనే. టీచర్లు అందులో హాజరు వేస్తారు, పాఠాలు చూసుకుంటారు, రాని పిల్లల ఇళ్ళకి దానంతటదే మెసేజీ వెళుతుంది. చిన్న యాప్. పెద్ద కంపెనీల పనుల మధ్య, అక్క కోసం చేసింది.

బాపట్లలో సారు ఉన్నారు. ఇంజనీరింగులో నాకు పాఠం చెప్పినాయన. తెనాలిలో పుట్టి, ఉద్యోగం కోసం బాపట్ల వెళ్ళి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు. ఇంట్లో ఉర్దూ, బయట మాతో తెలుగు. ఒకరోజు ఫోన్ చేసి, "ఏమ్మా, ఖాళీ ఉంటే ఒకసారి రా, ఒకటి చూపిస్తాను" అన్నారు. వెళ్ళాను.

ముందు గదిలో మంచం మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టారు. రెండూ పాతవే, చవకవే.

"ఇది నీ స్కూలు యాప్. వేలితో పైకి తొయ్యి."

తోశాను. పిల్లల పేర్ల జాబితా ఆగి ఆగి, కుదుపులతో కదిలింది. రెండో ఫోన్లో కూడా అదే జాబితా ఉంది. తోస్తే నూనె రాసినట్టు జారిపోయింది.

"రెండూ ఒకే ఫోన్లేనా సార్?"

"ఒకే రకం. తేడా ఫోన్లో లేదమ్మా, బొమ్మ గీసే పద్ధతిలో ఉంది."

ఆ పద్ధతి సంగతి కొంచెం చెప్పాలి. యాప్‌లో కనపడే బటన్లు, గడులు, అక్షరాలు మేమే గీస్తామని చాలామంది అనుకుంటారు. మామూలుగా మేము గీయం. ఇక్కడొక బటన్ కావాలి, అక్కడొక అక్షరాల వరస కావాలి అని ఫోనుని అడుగుతాం. తన దగ్గరున్న సిద్ధం సరుకు తెచ్చి అదే పెడుతుంది. నేను వాడే ఫ్రేమ్‌వర్కు ఈ అడగడమంతా మా తరఫున చేసే పనిముట్టు. అడిగిన ప్రతిసారీ కొంత ఆలస్యం అవుతుంది. పాత ఫోన్లలో ఆ ఆలస్యం కంటికి కనపడుతుంది. సారు చేసిందేమిటంటే, ఫోనుని ఏమీ అడక్కుండా ఒక తెల్లకాగితం మాత్రం తీసుకుని, బటన్లతో సహా అన్నీ దానిమీద తామే గీయడం. అందులోనూ మారినంత మేరే మళ్ళీ గీయడం. ఇలాంటిది ఇంతకు ముందు ఎవరూ చెయ్యలేదని కాదు. ఇంత చవక ఫోన్ల మీద, ఇంత తక్కువ ఖర్చుతో, తెలుగు ఒత్తులు తెగకుండా చేసినవాళ్ళని మాత్రం నేను చూడలేదు.

ఒత్తులే నన్ను పడేశాయి. ఫోను ఇచ్చే గడుల్లో 'స్వాతంత్ర్యం' అన్న మాట పెడితే కింది ఒత్తులు సగానికి తెగిపోయేవి. అవి కొలిచిన ఎత్తు మన అక్షరాలకి చాలదు. సారు ప్రతి అక్షరాన్నీ అది ఎంత కిందికి దిగుతుందో కొలిచి గీయించారు. ఆ తెరమీద మన లిపి నిండుగా ఉంది.

"నేనూ చేస్తాను సార్" అన్నాను.

రెండేళ్ళు చేశాం. నేను పగలంతా కంపెనీ పని చేసుకుని, తెల్లవారుజామున లేచి దీనిమీద కూర్చునేదాన్ని. శనివారాలు బాపట్ల వెళ్ళేదాన్ని. మేడమ్ గారు టీ పెట్టి, "మీ సారు నాతో కూడా ఇన్ని మాటలు మాట్లాడరమ్మా" అనేవారు. మా పద్ధతిని అందులో చేర్చుకోమని ఫ్రేమ్‌వర్కు నడిపేవాళ్ళకి పంపాం, వాళ్ళు ఏవేవో దేశాల్లో ఉంటారు. వాళ్ళు మా పనిని 'ప్రయోగం' అని పేరు పెట్టి ఓ పక్కన ఉంచుకున్నారు. నిజమైన యాప్‌లో పెట్టి చూసి, ఎలా నడిచిందో చెప్పమన్నారు. అంతకన్నా గౌరవం సారుకి జీవితంలో ఎప్పుడూ దొరకలేదనుకుంటాను. కాలేజీలో ఆయన్ని టైంటేబుల్ వేసే మనిషిగానే చూశారు.

చెయ్యాల్సిన పనుల జాబితా నా దగ్గర ఉండేది. అందులో 'చదివే గొంతు' అని ఒక వరస ఉంది. కళ్ళు కనపడనివాళ్ళ కోసం ఫోన్లలో ఒక గొంతు ఉంటుంది. వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదివి వినిపిస్తుంది. ఆ గొంతు తెరని చూడదు. ఇక్కడేముందని ఫోనుని అడుగుతుంది. ఫోను తాను పెట్టిన బటనైతే దాని పేరు చెప్పగలదు. మేము గీసినదాంట్లో ఫోనుకి తెలిసింది ఒక్క కాగితమే. దానిమీద ఏం రాసి ఉందో దానికి తెలియదు.

కొత్త పద్ధతితో స్కూలు యాప్ పంపించే ముందు సారు ఆ వరస దగ్గర ఆగారు.

"దీని సంగతేంటమ్మా?"

"తర్వాత చేద్దాం సార్. ఆ స్కూల్లో అలాంటివాళ్ళు ఎవరూ లేరు."

అన్నది నేనే. ఆ వరస పక్కన 'తర్వాత' అని రాసింది కూడా నేనే.

జూన్‌లో స్కూళ్ళు తెరిచిన వారంలో కొత్త యాప్ టీచర్ల ఫోన్లన్నిటికీ వెళ్ళింది. యాప్ బాగుందని, వేగంగా ఉందని హెడ్‌మిస్ట్రెస్ గారు మెసేజీ పెట్టారు. సారుకి చదివి వినిపించాను. ఆ రోజు ఆయన స్టేషన్ దాకా వచ్చి నన్ను రైలెక్కించారు.

ఆగస్టులో అక్క ఫోన్ చేసి, "ఉద్యోగం మానేశానే" అంది.

"ఏమైంది?"

"ఏముంది, కళ్ళు సాగట్లేదు. పిల్లలకి నష్టం కదా. నేనే రాసిచ్చాను."

ఏడ్చాను. తను ఏడవలేదు. మర్నాడు రేపల్లె వెళ్ళి రెండు రోజులు ఉన్నాను. నాతో తెనాలి వచ్చెయ్యమన్నాను. "ఈ ఇంట్లో ఏది ఎక్కడుందో నా చేతులకి తెలుసు. నీ ఇల్లు నాకు కొత్త" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. నేను తిరిగొచ్చి మళ్ళీ పనిలో పడ్డాను.

అక్టోబరులో ఒక ఆదివారం వెళితే, చర్చి నుంచి వచ్చి వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. ఫోను ఒళ్ళో ఉంది. అది మాట్లాడుతోంది. అక్క వేలు జరుపుతుంటే మెసేజీలు, గంట ఎంతయింది, ఎవరెవరు ఫోన్ చేశారు, అన్నీ గబగబా చదువుతోంది. నాకు మాటలు అర్థం కానంత వేగం. తనకి అలవాటైపోయింది.

"నువ్వు ఈ గొంతు వాడుతున్నావా?"

"చాలా రోజులయిందే. ఏడాదిన్నర."

"నాకు చెప్పలేదే!"

"చెబితే నువ్వు కంగారు పడతావు. స్కూల్లో కూడా ఎవరికీ చెప్పలేదు. చెవిలో చిన్నది పెట్టుకునేదాన్ని."

నాకు అప్పటికి కూడా వెలగలేదు. ఏదో అనబోతుంటే తన వేలు మా యాప్ మీద పడింది. తెర నిండా పిల్లల పేర్లు వచ్చాయి, ఒత్తులతో సహా నిండుగా. గొంతు ఆగిపోయింది. అక్క వేలు పైనుంచి కిందికి జరిపింది. టక్కుమని ఒక చిన్న చప్పుడు, అంతే. ఇంకోసారి జరిపింది. ఏమీ లేదు.

"ఇదొక్కటే మూగబోయింది" అంది. "ముందు బాగానే చదివేది. ఫోను పాడైందేమోనని షాపుకి తీసుకెళ్ళాను. ఫోను బానే ఉందమ్మా అన్నాడు. నా వేలే సరిగ్గా పడట్లేదేమో అనుకున్నా."

"ఎప్పట్నుంచి?"

"స్కూళ్ళు తెరిచినప్పట్నుంచి."

పాత యాప్‌లో అన్నీ ఫోను పెట్టిన సరుకే. అందుకే మేము ఏమీ చెయ్యకుండానే ఆ గొంతు దాన్ని చదివింది. అక్క ఏడాదికి పైగా ఆ గొంతు ఆధారంగా ఉద్యోగం చేసింది. జూన్‌లో మేము దాన్ని తీసేశాం.

మిగతాది ఆ మధ్యాహ్నం విడివిడిగా చెప్పింది. నేను ఒక్కొక్కటీ అడిగితే గానీ చెప్పలేదు. మొదట్లో పక్క క్లాసు టీచరుతో హాజరు వేయించుకుంది. రోజూ అడగడానికి సిగ్గేసింది. అప్పుడు తన క్లాసు పిల్లల వరస బట్టీ పట్టింది. పైనుంచి ఎన్నో పేరు ఎవరిదో వేలితో కొలుచుకుని, పిలిస్తే పలకనివాళ్ళ దగ్గర నొక్కేది. ఆరు వారాలు అలా చేసింది. ఒక్క తప్పు రాలేదు. ఒకరోజు ఆఫీసువాళ్ళు కొత్తగా చేరిన పిల్ల పేరు ఎక్కించారు. అక్షరక్రమంలో ఆ పేరు పైన చేరింది. వరసంతా ఒక గడి కిందికి జరిగింది. అక్కకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు ఒక అమ్మాయి స్కూలుకి రాలేదు. ఆ అమ్మాయి వచ్చినట్టు పడింది. వచ్చిన ఇంకో పిల్ల ఇంటికేమో, పిల్ల స్కూలుకి రాలేదని మెసేజీ వెళ్ళింది. వాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చి, పిల్లని క్లాసులో చూసుకుని, తిట్టి వెళ్ళారు. నిజంగా రాని అమ్మాయి తల్లిదండ్రులకి మాత్రం ఏమీ తెలియలేదు. సాయంత్రం పిల్ల ఇంటికి రాకపోతే స్కూలు మీదికి వచ్చారు. రికార్డు చూస్తే వచ్చినట్టే ఉంది. స్కూలుకి వచ్చిన పిల్ల ఎటు పోయినట్టు? అరగంటలో గేటు దగ్గర జనం పోగయ్యారు. ఆ తల్లి అక్క చెయ్యి పట్టుకుని, "మీరు చూశారు కదండీ, పొద్దున మీరు చూశారు కదా, చెప్పండి టీచరుగారూ" అని అడిగిందట.

"చూశానని అనలేకపోయానే. రికార్డు అలా ఉంటే చూడలేదనీ అనలేకపోయా" అంది అక్క.

చీకటి పడక ముందే ఫోన్ వచ్చింది. పొద్దున ఇంట్లో గొడవపడి, ఆ అమ్మాయి బస్సెక్కి అడవులదీవి ఊళ్ళో అమ్మమ్మగారింటికి వెళ్ళిపోయింది. క్షేమంగా ఉంది. అందరూ ఊపిరి పీల్చుకుని ఇళ్ళకి వెళ్ళారు. అక్క ఖాళీ స్టాఫ్‌రూములో కూర్చుని, తెల్లకాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాజీనామా రాసిచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గారు వద్దనలేదు.

నేను నేలమీద, తన కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. "అక్కా, అది నీ తప్పు కాదు. నేను రాసిన యాప్. మేం కొత్త పద్ధతి పెట్టాం. దానివల్ల ఆ గొంతు పోయింది. నాకు తెలుసు పోతుందని."

"నీకు తెలుసా?"

"తెలుసు. వాడేవాళ్ళు ఎవరూ లేరనుకున్నా."

అక్క ఒళ్ళోని ఫోను తీసి పక్కన పెట్టింది. తర్వాత, "అన్నం చల్లారిపోతోంది, లే" అంది.

మర్నాడు నేను స్కూలుకి వెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ గారు మంచావిడే. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చండి. కానీ ఆవిడకి కనపడట్లేదన్న మాట కూడా నిజమే కదా. ఇప్పుడు ఇంకో టీచర్ని తీసుకున్నాం. తల్లిదండ్రులకి ఏం చెప్పమంటారు?"

లేచి వచ్చేశాను. నేను వెళ్ళొచ్చానని తెలిసి అక్క కోప్పడింది. నా జ్ఞాపకంలో తను నామీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే. "నన్ను అడక్కుండా ఎందుకెళ్ళావు? ఆ గేటు దాటి రావడానికి నాకు ఎంత పట్టిందో నీకేం తెలుసు?"

పాత యాప్ ఆ రోజే తిరిగి అందరికీ పంపేశాను. సారుకి ఫోన్లో చెప్పాను. ఆయన, "నేను వస్తాను" అన్నారు. వద్దన్నా వినలేదు. బాపట్ల నుంచి తెనాలి వచ్చి, అక్కడ రేపల్లె బండి ఎక్కారు. ఆ బండిలో నేనూ కలిశాను. రేపల్లెలో దిగేటప్పుడు, "ఆవిడకి నన్ను ఎవరని చెబుతావు?" అని అడిగారు.

అక్క ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "అమ్మా, నాకొక్కసారి చూపిస్తారా, మీరు ఎలా వాడతారో" అన్నారు. పాత యాప్ తన ఫోన్లో ఇంకా ఎక్కించలేదు, కొత్తదే ఉంది. అక్క వేలు జరిపింది. టక్. ఇంకోసారి. టక్. సారు కళ్ళు మూసుకుని విన్నారు. రెండేళ్ళు మేము ఆ తెరని వేలసార్లు చూశాం. ఒక్కసారి కూడా కళ్ళు మూసుకుని దాని ముందు కూర్చోలేదు.

"తప్పు నాదమ్మా. ఈ పిల్ల చేత చేయించింది నేను" అన్నారు సారు.

"నాదండి" అన్నాను.

"ఎవరిదైతే ఏంటండీ, టీ తాగండి" అంది అక్క.

ఆ తర్వాత ఐదు నెలలు సారు ఇంకే పనీ పెట్టుకోలేదు. మేము గీసే ప్రతి అక్షరానికీ, ప్రతి బటనుకీ పక్కనే కనపడని ఒక పేరు రాసి, దాన్ని ఫోనుకి అందించాలి. గొంతు అడిగితే ఫోను ఆ పేరు చెబుతుంది. జాబితా కదిలినప్పుడల్లా ఆ పేర్లన్నీ కూడా కదలాలి. మొదట గొంతు తప్పు పేర్లు చదివింది. తర్వాత ఒత్తుల దగ్గర మాటని ముక్కలు చేసింది. తర్వాత సరిగ్గా చదివింది. అంతా సరిగ్గా చదివిన రోజున ఆ పాత ఫోన్లో జాబితాని పైకి తోశాం. ఆగి ఆగి, కుదుపులతో కదిలింది. మేము ఏ బరువు దించుకున్నామని సంబరపడ్డామో, ఆ బరువంతా మళ్ళీ ఎక్కింది. అది అనవసరపు బరువని మేము అనుకున్నాం, అంతే.

అయినా చదివింది కదా అని ఆ ఫోను తీసుకుని రేపల్లె వెళ్ళాను. అక్క పెరట్లో తోటకూర ఏరుతోంది.

"ఒక్కసారి పట్టుకుని చూడక్కా. అన్నీ చదువుతోంది."

"వద్దులేవే."

"ఒక్కసారి."

"హాజరు వెయ్యడానికి నాకిప్పుడు పిల్లలేరే?" అంది, కోపం లేకుండా. "ఇంకెవరికైనా చూపించు. నా వేళ్ళు తడిగా ఉన్నాయి."

తను చెయ్యి తుడుచుకోలేదు. నేను ఫోను సంచిలో పెట్టేసుకున్నాను.

ఫ్రేమ్‌వర్కువాళ్ళకి జరిగిందంతా రాశాం. అక్క ఎవరో చెప్పకుండా, ఒక టీచరు అని రాశాం. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు, గొంతు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ప్రయోగం ఆపొద్దు అన్నారు. ఆపమన్నది సారే. అందరికీ పనికొచ్చేదాకా ఇది ఎవరి ఫోన్లోకీ వెళ్ళకూడదని నాలుగు వాక్యాలు రాసి, దాన్ని మూసెయ్యమన్నారు. మూసేశారు. వాళ్ళ ప్రయోగాల పేజీలో మా పని పేరు మీద ఒక బూడిదరంగు గీత పడింది.

తర్వాతి శనివారం నేను అలవాటు కొద్దీ బాపట్ల వెళ్ళాను. మంచం మీద ఫోన్లు లేవు. సారు పేపరు చదువుకుంటున్నారు. మేడమ్ గారు టీ ఇచ్చారు. వానల గురించి మాట్లాడుకున్నాం, తెనాలిలో ఆయన పుట్టిన వీధి ఎలా మారిపోయిందో మాట్లాడుకున్నాం. గంట గడిచాక ఇంక ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఆ తర్వాత శనివారాలు వెళ్ళడం తగ్గింది. పండగలకి ఫోన్ చేస్తాను. "అక్క ఎలా ఉన్నారమ్మా?" అని మొదట అదే అడుగుతారు. పని గురించి అడగరు.

పోయిన వానాకాలంతో అక్కకి ఆ మిగిలిన కాస్త వెలుతురు కూడా పోయింది. ఏ రోజున పోయిందో తనకే తెలియదంటుంది. ఒకరోజు కిటికీ వైపు తిరిగి, తెల్లారిందా అని అడగాల్సి వచ్చిందట, అప్పుడు తెలిసిందట. నా తప్పు గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే, ఎప్పుడో మర్చిపోయాను అంటుంది. అది నిజం కాదని మా ఇద్దరికీ తెలుస్తుంది.

ఆదివారం ఆదివారం రేపల్లె వెళతాను. కూర తనే వండుతుంది. నేను సాయానికి వెళితే, అడ్డు తప్పుకోమంటుంది. భోజనాలయ్యాక వసారాలో చాప వేసుకుని పడుకుంటాం. మొన్న అలా పడుకుని ఉండగా, వీధిలో స్కూలు పిల్లలు ఎవరో గట్టిగా మాట్లాడుకుంటూ వెళుతున్నారు. అక్క లేచి కూర్చుని, చెవి అటు పెట్టింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా అలాగే ఉంది.

"ఎవరక్కా?"

"తెలియట్లేదే. గొంతులు మారిపోయాయి" అని, మళ్ళీ పడుకుంది.